ఒక మాణిక్యం బరువు

మా శాఖ పేరు చెప్పడం సర్వీసు నిబంధనలకు విరుద్ధం కాబట్టి చెప్పను. పని మాత్రం చెప్తాను. మీ వీధి చివర కూరగాయల కాటా మీదా, కిరాణా కొట్టువాడి తూకపురాళ్ళ మీదా, పెట్రోలు బంకు గొట్టం మీదా ఒక ముద్ర ఉంటుంది చూడండి, అది మేం వేసిందే. ముద్ర లేకపోతే కేసు రాసేదీ మేమే. గోదావరి ఒడ్డున ఒక జిల్లా కేంద్రంలో మా ఆఫీసు ఉంది. అందులో ప్రమాణాల గది నా అధీనంలో ఉంటుంది.

ప్రమాణాల గది అంటే పడికట్టు రాళ్ళు కాపురం ఉండే గది. దుకాణదారు రాయి సరిగ్గా ఉందో లేదో ఇన్‌స్పెక్టరు తన రాయితో చూస్తాడు. ఇన్‌స్పెక్టరు రాయి సరిగ్గా ఉందో లేదో నేను నా రాయితో చూస్తాను. నా రాయిని అప్పుడప్పుడు రాజధానికి పంపిస్తే అక్కడి రాయితో సరిచూసి తిప్పి పంపుతారు. ఆ పైరాయి సరిగ్గా ఉందా అని మాత్రం ఎవరూ అడక్కూడదు. అడిగితే లోకం నడవదు.

నా రాళ్ళు ఇత్తడివి. వెల్వెట్ పెట్టెలో పడుకుని ఉంటాయి. వాటిని చేత్తో ముట్టుకోకూడదు, చేతి చెమటకి బరువెక్కిపోతాయి. పట్టుకారుతో తియ్యాలి. వాటి ఎదుట తుమ్మకూడదు. వాటికి చల్లదనం ఉండాలని నిబంధనల్లో రాసి ఉంది కాబట్టి నా గదికి ఏసీ ఉంది. అధికారికి చల్లదనం ఉండాలని ఎక్కడా రాసి లేదు కాబట్టి మా డిప్యూటీ కంట్రోలరు వైకుంఠరావు గారి గదికి లేదు. అందుచేత ఎండాకాలంలో ముఖ్యమైన సమావేశాలన్నీ నా గదిలోనే జరిగేవి. ఈ వ్యవహారం మొదలైన సమావేశం కూడా అక్కడే జరిగింది.

ఆ ఏడు పైఆఫీసు వాళ్ళకి మానసిక ఆరోగ్యం మీద మనసు పడింది. అంతకు ముందేడు యోగా మీద పడింది, దాని తాలూకు చాపలు ఇంకా బీరువా మీదున్నాయి. దానికి ముందు మొక్కల మీద పడింది, అవి లేవు. ఇప్పుడొచ్చిన సర్క్యులర్ని వైకుంఠరావు గారు నిలబడి చదివారు. "మానసిక వేదనకు లోనైన సిబ్బంది పనివేళలలో కౌన్సెలరు వద్దకు వెళ్ళుటకు అనుమతించవచ్చును. అయితే అట్టి చికిత్స సదరు ఉద్యోగికి ప్రయోజనకరమని జిల్లా అధికారి ముందుగా సంతృప్తి చెందవలెను."

"వెళ్ళొస్తే గదండీ తెలిసేది, ప్రయోజనం ఉందో లేదో?" అంది సూపరింటెండెంటు అమ్మాజీ గారు.

"వెళ్ళాక తెలిసేదాన్ని వెళ్ళకముందే తేల్చడాన్నే పరిపాలన అంటారు, అమ్మాజీ గారూ" అన్నారు వైకుంఠరావు గారు.

రికార్డు కీపరు గవర్రాజుకి ఈ విషయంలో అనుభవం ఉంది. "మా బావమరిది వెళ్ళాడండి, మెయిన్ రోడ్డులో కళ్ళజోళ్ళ షాపు పైన ఉంటదే, హిమజ గారని, ఆవిడ దగ్గరికి. గంటసేపు ఈడి చేతే మాటాడించి పంపేసిందంటండి. మాత్ర లేదు, సూది లేదు. నాలిక చూపించమని కూడా అన్లేదంట!"

"దానికి అక్కడిదాకా ఎందుకయ్యా? మా వీధిలో ఏ అరుగు మీద కూచున్నా వింటారు. పైగా కాఫీ ఇస్తారు" అంది అమ్మాజీ గారు.

"కాఫీ ఇస్తారండి. సందేళకల్లా ఊరంతా టాంటాం కూడా ఏస్తారు."

అందరం నవ్వాం. అప్పుడు కిటికీ పక్కన కూర్చున్న మాణిక్యం గారు, "నేను వెళ్దామనుకుంటన్నానండి" అన్నారు.

మాణిక్యం గారు మా సీనియర్ ఇన్‌స్పెక్టరు. చేపల బజారులో ఆయన చొక్కా కనిపిస్తే కాటాలు వాటంతటవే బుద్ధిగా తూగుతాయని ఊళ్ళో వాడుక. ఆ ముందేడు ఆయన భార్య సుభాషిణి గారు జ్వరంతో వారం తిరక్కుండా పోయారు. పెద్దకర్మ అయిన మర్నాడు మాణిక్యం గారు డ్యూటీకొచ్చి బెల్లం మార్కెట్లో తనిఖీ చేసి, రెండు కేసులు కూడా రాశారు. మగమనిషి, అందులోనూ ఇన్‌స్పెక్టరు, తట్టుకున్నాడని అందరం మెచ్చుకుని ఎవరి పనుల్లో వాళ్ళం పడిపోయాం.

"మీ ఇబ్బంది ఏ స్వభావము గలది?" అని అడిగారు వైకుంఠరావు గారు.

"బియ్యం అండి."

"బియ్యమా?"

"పొద్దున్నే బియ్యం కొలుస్తానండి. చెయ్యి ఇద్దరికి పోసేత్తంది. ఒక్కడికే పోద్దామని చూస్తే డబ్బా పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోతందండి. అలా నిలబడిపోతాను. మొన్న కుళాయి వచ్చి, కట్టేసేదాకా కూడా నిలబడే ఉన్నానండి. ఇంక ఇద్దరికే పోసి, వండేసి, నాది నేను తిని, మిగిలింది మూత పెట్టేస్తాను. ఆ మూత తియ్యలేనండి. సాయంత్రం గిన్నెతో సహా పక్కింటి గేదెకి ఇచ్చేస్తన్నాను."

రోజూ ఒకే బల్ల దగ్గర టీ తాగుతాం, ఆయన ఇంట్లో ఇంత జరుగుతోందని నేను ఏనాడూ అడగలేదు.

వైకుంఠరావు గారు చెడ్డమనిషి కాదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "శాఖ తరఫున సానుభూతి" అన్నారు. తర్వాత అధికారి అయిపోయారు. "అయితే మాణిక్యం గారూ, మీ బాధ ఎంత?"

"బాగానే ఉందండి."

"బాగానే అంటే? బెండకాయలమ్ముకునేవాడు 'బాగానే' అని తూచి ఇస్తే మీరు ఊరుకుంటారా? కేసు రాయరా?"

మాణిక్యం గారు ఒప్పుకున్నారు. రాస్తాను అన్నారు.

"వెళ్ళకముందు బాధ ఎంత, వెళ్ళొచ్చాక ఎంత? తేడా వస్తే ప్రయోజనం ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. చిన్నపిల్లలు చేసే తీసివేత. దీనికి లోకమంతా ఇన్నాళ్ళూ తగువులాడుకుంటోందంటే, మన శాఖను సంప్రదించకపోవడమే కారణం. మనకిప్పుడు కావలసింది ఒక్కటే, పడికట్టు. కామేశం గారూ, పడికట్టు రాయికి ఉండవలసిన లక్షణములేవి?"

కామేశం నేనే. శిక్షణలో నేర్చుకున్నది నేర్చుకున్నట్టు అప్పజెప్పాను. "తరగకూడదండి, పెరగకూడదు. తుప్పు పట్టకూడదు. ఎండకి ఉబ్బకూడదు. వేరే లోహం కలిసి ఉండకూడదు."

"అటువంటి బాధ మన సిబ్బందిలో ఎవరికున్నదో అన్వేషించవలెను" అన్నారు.

అన్వేషణ ఆ పూటే పూర్తయింది. గవర్రాజు బాధ పొద్దున బస్తా అంత ఉండి టీ తాగేసరికి ఆవిరైపోతుంది కాబట్టి ద్రవపదార్థాల కింద తోసేశారు. అమ్మాజీ గారి బాధ బరువైనదే కానీ అందులో తోటికోడలి మీద కోపం కలిసి ఉంది, మిశ్రమలోహమన్నారు. నాకు ఆదివారాలు ఉండదని తేలింది. "మరి మీకండీ?" అని అడిగింది అమ్మాజీ గారు. "అధికారికి బాధ ఉండరాదు" అని వైకుంఠరావు గారు తన పేరు తనే కొట్టేసుకున్నారు. మిగిలింది మాణిక్యం గారు. ఏడాదిగా ఒక్కలాగే ఉంది, దాంట్లో ఇంకేమీ కలవలేదు.

ఆ విధంగా మాణిక్యం గారి బాధ మా జిల్లాకు ప్రమాణమయింది. కొలతకి పేరు 'మాణిక్యం' అన్నారు. అర మాణిక్యం, పావు మాణిక్యం, అలాగ. ఒక మాణిక్యానికి తగ్గకుండా బాధ ఉన్నవాళ్ళకే అనుమతి.

"అయితే నేను వెళ్ళచ్చాండి?" అని అడిగారు మాణిక్యం గారు.

"మీరా!" వైకుంఠరావు గారు నిజంగానే నొచ్చుకున్నారు. "పడికట్టు రాయిని ఎవరైనా చేజేతులా అరగదీసుకుంటారా? మీ దరఖాస్తును తిరస్కరించడం లేదు. దాని ప్రయోజనమును తేల్చు నిమిత్తము మీ బాధను యథాతథంగా పరిరక్షిస్తున్నాం."

మాణిక్యం గారు క్రమశిక్షణ గల ఉద్యోగి. సరేనండి అన్నారు.

ఆయనకి నా గదిలో, రాళ్ళ బీరువా పక్కన కుర్చీ వేశాం. రాళ్ళకి వర్తించే నియమాలన్నీ ఆయనకీ వర్తింపజేశాం, వేరే నియమాలు రాసే తీరిక లేక. ఎవరూ భుజం మీద చెయ్యి వెయ్యకూడదు. ఎదురుగా జోకులు వెయ్యకూడదు. ఎవరింట్లో పెళ్ళయినా ఆయన దాకా లడ్డూ రాకూడదు. గవర్రాజు సహజంగా హాస్యప్రియుడు కాబట్టి నా గది గడప దాటడానికి అతనికి ప్రత్యేక అనుమతి కావాలి. బజారు తనిఖీలకి ఆయన్ని పంపడం మానేశాం, దార్లో ఏ పసిపిల్లో నవ్వితే కష్టం. ఆ సంగతి తెలిసి చేపల బజారు ఆ వారం పండగ చేసుకుందని విన్నాను.

ప్రమాణానికి సంరక్షకుణ్ణి నేనే. రోజూ పొద్దున్నే ఆయన మొహం చూసి, యథాతథం అని పైకి చెప్పాలి. చెప్పిన ప్రతిసారీ నాకు సిగ్గేసేది. అయినా చెప్పేవాణ్ణి, ఉద్యోగం మరి.

తూకం పద్ధతి సులువుగానే ఉండేది. రెండు కుర్చీలు ఎదురెదురుగా వేస్తాం. ఒకదాంట్లో మాణిక్యం గారు, రెండోదాంట్లో తూచవలసిన మనిషి. తలుపు మూసేస్తాం. బయటి ఎండలోంచి వచ్చిన రాయిని గది చల్లదనానికి అలవాటు పడేదాకా తూచకూడదని నియమం ఉంది, అందుకని గంటసేపు వదిలేస్తాం. తర్వాత వైకుంఠరావు గారు తలుపుకున్న అద్దంలోంచి రెండు మొహాలూ పక్కపక్కన చూసి, ముల్లు ఎటు మొగ్గిందో చెప్తారు.

ముందు గవర్రాజు వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు అర మాణిక్యం ఉన్నట్టు కనిపించాడు. గంటయ్యాక పావు కూడా తూగలేదు. తర్వాత అమ్మాజీ గారు వెళ్ళారు. కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చారు కానీ నడకలో ఏదో తేలిక కనిపించింది.

"ఏం జరిగిందండీ లోపల?" అని అడిగాను.

"ఏవుందండీ! ఆయనేమీ అడగలేదు. 'మంచినీళ్ళు తాగుతారా అమ్మా?' అన్నారు. అంతే. నేను తోటికోడలి దగ్గర మొదలెట్టి, చిన్నప్పుడు పోయిన మా అమ్మ దాకా వెళ్ళిపోయాను. ఏవనుకున్నారో ఏవిటో!"

"పావు" అని ప్రకటించారు వైకుంఠరావు గారు. "అనర్హురాలు."

ఒక్కరు కూడా పూర్తి మాణిక్యం తూగలేదు. మాణిక్యం గారి ఎదుట గంటసేపు కూర్చుని లేచాక ఎవరి మొహం చూసినా ఆయన మొహమే బరువుగా ఉండేది. దీన్నిబట్టి మా జిల్లాలో థెరపీ ఎవరికీ అక్కర్లేదని తేలింది. ఆ సంగతి పైకి రాస్తే పైఆఫీసు వాళ్ళు ఆనందపడి, మిగతా శాఖల వాళ్ళని కూడా తూచమన్నారు.

ఇక చూడండి. నీటిపారుదల వాళ్ళొచ్చారు. బడి పంతుళ్ళు వచ్చారు. అనర్హులం అని తెలిసి కూడా వచ్చారు, ఒకసారి వచ్చినవాళ్ళే మళ్ళీ వచ్చారు, తూకంలో పొరపాటు ఉండి ఉంటుంది మరోసారి చూడండని బతిమాలారు. మా వరండాలో బెంచీలు చాల్లేదు. మాట ఊళ్ళోకి కూడా పాకింది. ఆఫీసు ఎదుట టీ కొట్టులో ఒకాయన, "ఈయేళ మా ఆవిడ పుట్టింటి నుంచి వచ్చేసిందిరా, ముప్పాతిక మాణిక్యం" అనడం నా చెవులతో నేను విన్నాను. వైకుంఠరావు గారికి ఇంత పేరు పెట్రోలు బంకుల మీద దాడి చేసినప్పుడు కూడా రాలేదు.

మాణిక్యం గారు మాత్రం రోజురోజుకీ వంగిపోతున్నారు. ఒకరోజు భోజనాల వేళ ఆయన క్యారేజీ విప్పలేదు.

"తెచ్చుకోలేదాండి?"

"వండలేదండి. గవర్రాజు కొడుకు తండ్రితో మాటాడ్డం మానేసి ఆర్నెల్లయిందంట, మీకు తెలుసాండి? అమ్మాజీ గారమ్మ పోయినపుడు ఈవిడికి ఎవరూ చెప్పలేదంట, చుట్టాలింట్లో దాచేశారంట. మొన్నొచ్చిన పంతులు గారి సంగతయితే చెప్పలేనండి. ఇదంతా నేను ఇంటికి మోసుకెళ్తన్నాను. ఇదివరకు బియ్యం డబ్బా ముందు నేనొక్కణ్ణే నిలబడేవోణ్ణి. ఇప్పుడు వీళ్ళంతా వచ్చి నా ఎనక నిలబడుతున్నారండి. ఇంక వండేదేముంది?"

ఆ మాటకి నాకు భయం వేసింది. మనిషి చిక్కిపోయి చొక్కా వదులైపోయింది. సెలవు పెట్టించుదామా అనుకున్నాను, కానీ పడికట్టు రాయికి సెలవులుండవు. కలెక్టరు గారి దాకా వెళ్దామా అనుకున్నాను, కానీ ఆయన ఆఫీసు వాళ్ళు కూడా మా వరండాలోనే ఉన్నారు. దిక్కు తోచక బీరువా తెరిచి, అలవాటు కొద్దీ రాళ్ళ మీద మెత్తటి గుడ్డతో దుమ్ము తుడుస్తూ కూర్చున్నాను. అప్పుడు బుర్ర వెలిగింది.

మర్నాడు వైకుంఠరావు గారి గదికి వెళ్ళి నిలబడ్డాను. "ప్రమాణం బరువెక్కిందండి."

"ఏమిటీ?"

"పడికట్టు రాయిని పదేపదే వాడితే పదిమంది చేతి మురికీ అంటుకుని బరువెక్కుతుంది కదండీ. మాణిక్యం గారికీ అదే జరిగింది. జిల్లా దుమ్మంతా ఆయన మీద పడింది. ఇప్పుడాయన ఒక మాణిక్యానికి పైన ఉన్నారు."

వైకుంఠరావు గారు కుర్చీలో నిటారుగా అయ్యారు. "అంటే ఇంతవరకూ మనం ఇచ్చిన తూకములన్నీ..."

"తక్కువ చూపించి ఉంటాయండి."

తక్కువ తూకం! మా శాఖలో అంతకన్నా పాపం లేదు. ఆయన మొహాన చెమటలు పోశాయి. మామీద మేమే కేసు రాసుకోవలసిన పరిస్థితి.

"నిబంధన ఏమంటోంది?"

"వెంటనే శుభ్రం చేయించి మళ్ళీ సరిచూడాలండి."

"రాజధానికి పంపండి."

"ఈ రకం రాయికి రాజధానిలో లాబొరేటరీ లేదండి. మన ఊళ్ళో ఒకటుంది. కళ్ళజోళ్ళ షాపు పైన."

ఆయన నా వంక చాలాసేపు చూశారు. ఏదో అర్థమయిందేమో అనుకున్నాను. అయింది కూడానేమో. "పంపండి" అన్నారు. "కానీ ఉద్యోగిగా కాదు సుమండీ. పరికరముగా."

వారానికోసారి జీపులో తీసుకెళ్ళేవాణ్ణి. జీపుకి ముందు 'ప్రమాణ సామగ్రి, కుదుపు తగలరాదు' అని బోర్డు పెట్టించారు. మొదటిరోజు మాణిక్యం గారు మెట్ల దగ్గర ఆగిపోయారు.

"కామేశం గారూ, ఇది తగ్గిపోతే సుభాషిణిని మర్చిపోతానేమోనండి."

"మరీ తగ్గిపోతున్నట్టుంటే మధ్యలో ఆపేద్దాం లెండి" అన్నాను. నా మాటకి అర్థం నాకే తెలీదు. ఆయన మెట్లెక్కారు.

హిమజ గారంటే పెద్దావిడ అనుకున్నాను. చూస్తే మా చెల్లెలి కూతురంత ఉంది. "మీరెవరండీ?" అని నన్ను అడిగింది.

"సంరక్షకుణ్ణమ్మా."

"ఆయనకా?"

"ప్రమాణానికి."

ఆ పిల్ల నవ్వలేదు. ఆశ్చర్యపోలేదు. ఇటువంటివాళ్ళు రోజూ వస్తారు కాబోలు. "అయితే మీరు కాసేపు బయట కూర్చోండి బాబాయ్ గారూ" అంది.

బయట కూర్చుని కళ్ళజోళ్ళ షాపువాడి అద్దాలు చూస్తూ గడిపాను. మొదటి వారం లోపల్నుంచి ఏమీ వినబడలేదు. దార్లో అడిగితే, "ఏవీ చెప్పలేదండి. ఆవిడా ఏవీ అనలేదు. ఫ్యాను తిరిగింది" అన్నారు. రెండో వారం గవర్రాజు కొడుకు సంగతీ, పంతులు గారి సంగతీ దింపేసి వచ్చానన్నారు. వాళ్ళవి వాళ్ళకే ఉంచమందట ఆ పిల్ల. ఆపై వారం ముక్కు ఎర్రగా చేసుకుని వచ్చి జీపు ఎక్కారు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. పాడు చేసుకున్నామేమో అనుకున్నాను. ఇంకో వారానికి లోపల్నుంచి నవ్వు వినిపించింది. ఆయనదే. నేను కంగారుగా లేచి నిలబడ్డాను. ప్రమాణం నవ్వితే ఏం చెయ్యాలో నిబంధనల్లో లేదు.

వర్షాలు పడ్డాక ప్రమాణాన్ని మళ్ళీ వాడుకలోకి తెచ్చాం. గవర్రాజుని ఎదుట కూర్చోబెట్టి గంటయ్యాక తలుపు దగ్గరికి వెళ్ళాం. వైకుంఠరావు గారు అద్దంలోంచి చూసి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చూశారు. మాణిక్యం గారు కాళ్ళు బారజాపుకుని తీరిగ్గా వింటున్నారు. ముల్లు గవర్రాజు వైపు మొగ్గింది.

"ఒకటిన్నర" అన్నారు వైకుంఠరావు గారు గొంతు తగ్గించి.

అమ్మాజీ గారు రెండుంబావు తూగింది. పంతులు గారు మూడు దాటారు. ఆ రోజు ఎవర్ని కూర్చోబెట్టినా ఒకటికి తగ్గలేదు.

"ప్రమాణం తగ్గిపోయిందండి" అన్నాను.

"తప్పు, కామేశం గారూ. ప్రమాణం తగ్గదు. ప్రమాణం ఎంతుంటే అదే ఒకటి. చట్టం అది. మారింది ప్రమాణం కాదు, జిల్లా."

ఆ సాయంత్రం ఆయన స్వయంగా నివేదిక రాయించారు. నాకు కంఠతా వచ్చు. "చికిత్సకు పంపబడిన ఏకైక వస్తువు పంపక పూర్వము ఒక మాణిక్యము, పంపిన పిదప ఒక మాణిక్యము. కావున చికిత్స వలన వెళ్ళినవారిలో ఎట్టి మార్పును లేదు. అయితే అదే కాలములో చికిత్సకు వెళ్ళనివారి బాధ యావన్మందికీ పలు రెట్లు పెరిగినది. కావున చికిత్సకు వెళ్ళుట నిష్ప్రయోజనము, వెళ్ళకుండుట ప్రమాదకరము."

పైఆఫీసులో దీన్ని ఎవరెవరో చదివారు. ఎవరికీ తప్పు దొరకలేదు. వెళ్ళనివారందరూ వెంటనే వెళ్ళవలెనని ఆజ్ఞ వచ్చింది.

ఆజ్ఞ ప్రకారం అందరూ వెళ్తుండగా మిగిలింది వైకుంఠరావు గారు ఒక్కరే. అధికారికి బాధ ఉండరాదు కాబట్టి ఆయన్ని ఎవరూ తూచలేదు. నిబంధన పూర్తి చెయ్యడం కోసమని వెళ్ళి మాణిక్యం గారి ఎదుటి కుర్చీలో కూర్చున్నారు. ముల్లు చూడ్డానికి వేరే అధికారి లేరు గనక నేనే అద్దంలోంచి చూశాను. మాణిక్యం గారు గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చారు. వైకుంఠరావు గారు నీళ్ళు తాగి, కాసేపు గోడకేసి చూసి, మాట్లాడ్డం మొదలుపెట్టారు. ఏం మాట్లాడారో నాకు వినబడలేదు. బయటికొచ్చాక మాత్రం, "మీరంతా కలిసి భోంచేస్తారు కదూ, ఆ టీ బల్ల దగ్గర?" అని అడిగారు. చేస్తామండి అన్నాను. "ఊఁ" అన్నారు.

"ఎంతండీ నా తూకం?" అని తర్వాత అడిగారు.

"ఒకటీ పావండి."

జిల్లా అధికారి ముందుగా సంతృప్తి చెందవలెను అని ఉంది కదా. ఆయన తన విషయంలో తానే సంతృప్తి చెంది, తనకు తానే అనుమతి ఇచ్చుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం టిఫిను డబ్బా పట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చి నిలబడితే గవర్రాజు జరిగి చోటిచ్చాడు.

అప్పటికి కళ్ళజోళ్ళ షాపు మెట్ల మీద మా వాళ్ళే నిండిపోయారు. షాపువాడికి చూపు బాగున్నవాళ్ళ తాకిడి ఎక్కువై, తలుపు ఇంకోవైపు పెట్టించుకున్నాడు.

అన్నీ సర్దుకున్నాక ఒకరోజు మాణిక్యం గారిని అడిగాను. ఆఫీసు పనిగా కాదు, ఊరికే. "నిజం చెప్పండి. వెళ్ళినందుకు ఏమన్నా ప్రయోజనం ఉందాండి?"

ఆయన తన క్యారేజీ విప్పుతున్నారు. అన్నం, ములక్కాడ పులుసు ఉన్నాయి.

"ఒకరోజు ఆ అమ్మాయి అడిగిందండి, రోజూ మిగిలే అన్నం ఎంతుంటదని. సగం అని చెప్పాను. ఇద్దరికి పోస్తే ఒకళ్ళది మిగుల్తది కదండీ. 'చూశారా?' అంది. చూళ్ళేదు. మూత తీస్తే కదా. ఎందుకో ఆ రోజు ఇంటికెళ్ళి మూత తీశానండి. రెండు గరిటెలండి. నేను సుబ్బరంగా తిన్నాక, గిన్నె అడుగున రెండే రెండు గరిటెలు. సుభాషిణి ఎప్పుడూ నాకు పెట్టేసి, మిగిలిందే తర్వాత తినేది. ఊళ్ళో అందరి తూకాలూ చూశాను గానీ, నా ఇంట్లో ఏవిటో చూళ్ళేదు కామేశం గారూ. ఆ రాత్రి ఏడుపొచ్చేసింది. ఇదివరకు రాలేదండి, కర్మ రోజు కూడా."

నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ప్రమాణాన్ని చేత్తో ముట్టుకోవడం అదే మొదటిసారి.

"ఇప్పుడు కొలవగలుగుతున్నారాండి, ఒక్కడికి?"

"ఆఁ. సగం తగ్గించాలనుకుని భయపడేవోణ్ణండి. తగ్గించాల్సింది గుప్పెడే. ఇద్దరికి పోసేసి, ఒక గుప్పెడు తీసి మళ్ళీ డబ్బాలో వేసేస్తన్నాను. వేసేటప్పుడు ఆవిడ గుర్తొస్తది. రోజూ వస్తది. బాగుంటదండి అలా." పులుసులో ములక్కాడ ఒకటి తీసి నా క్యారేజీ మూత మీద పెట్టారు. "తినండి, చల్లారిపోతంది."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి భోజనానికి కూర్చున్నాను. మా ఆవిడ యథాప్రకారం నాకు వడ్డిస్తోంది. వంకాయ కూర, పప్పు, నెయ్యి వేసింది. నేను పళ్ళెంలో చెయ్యి పెట్టకుండా గిన్నెలోకి తొంగిచూశాను. తర్వాత గరిటె ఆవిడ చేతిలోంచి తీసుకుని, ఇంకో పళ్ళెం ముందుకు లాగి, "ముందు నువ్వు పెట్టుకో" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. చేతి వెనకవైపు నా నుదుటి మీద ఆనించి చూసింది. "ఏవైందండీ మీకు? పొద్దున్నించీ బానే ఉన్నారే! ఎవరికైనా చూపించుకుందామా?"

"చూపించుకుందాం. నువ్వు కూడా రా."

"నేనెందుకూ? అయినా అలాంటివాటి వల్ల ప్రయోజనం ఉంటుందంటారా?"

నేను ఆవిడ పళ్ళెంలో అన్నం వడ్డిస్తూ, "ఏమోనే, తూచలేదు" అన్నాను.